జనం తక్కువున్న గది

విజయ కువైట్ నుంచి ఫోను చేసి నెల దాటింది. ఆ పిల్ల పనిచేసే ఇంట్లో ఫోను మోగుతోంది గానీ ఎవరూ తీయడం లేదు. భూలక్ష్మికి ముద్ద గొంతు దిగడం లేదు. కూతురికి జ్వరమొచ్చిందో, మేడ మీంచి పడిందో, ఎక్కడ వదిలేసేరో!

మలికిపురంలో నెట్ సెంటరు నడిపే హేమ ఆవిడని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది.

"ఇందులో మాట్లాడుకునే గదులుంటాయి పిన్నిగారూ. గల్ఫులో ఉన్నవాళ్లు శుక్రవారాలు సెలవని వస్తారు. అడిగి చూద్దాం."

తెర మీద గదుల పేర్లు, పక్కన జనం లెక్క. "కువైట్ తెలుగోళ్లు, నలభై మందండి. గోదారోళ్లు, ఆరుగురే."

"ఆరుగురున్నదే ఎక్కమ్మా."

"జనం ఎక్కువుంటేనే కదండీ ఎవరికో ఒకరికి తెలిసేది!"

"సఖినేటిపల్లి రేవులో నిండా జనమున్న పడవ నేనెప్పుడైనా ఎక్కేనా?"

"ఇది మునగదండి బాబూ!"

"ఏమో, ఎవరు చూసొచ్చేరు?"

హేమ నవ్వుతూనే పెద్ద గదిలోకి వెళ్లింది. ఒకడు పాట పాడుతున్నాడు, ఇద్దరు తిట్టుకుంటున్నారు. భూలక్ష్మి ఎంత అరిచినా ఎవరికీ పట్టలేదు. చివరికి చిన్న గదే గతయింది. ఆవిడ కూతురి సంగతి ఎత్తగానే అక్కడ అందరూ మాట ఆపేరు.

"అమ్మగారూ, మాది కేశనపల్లండి. త్రిమూర్తులంటారు. ఇక్కడ కువైట్లో జహ్రా అనే ఊళ్లో సరుకుల వ్యాను తోల్తాను. ఇంటి గుర్తులేమన్నా తెలుసాండి?"

"జహ్రాలోనే నాయనా! నీలం గేటంట. వెనకాల టైర్ల కొట్టంట."

"ఆయ్, చూసొస్తానండి. పై శుక్రవారం ఇదే గదికి రండి."

ముక్కూ మొహం తెలియని మనిషి మనకోసం ఎందుకు తిరుగుతాడని ఆ వారమంతా భూలక్ష్మి కుమిలింది. తిరిగినా ఏ చెడ్డ కబురు తెస్తాడోనని ఇంకా కుమిలింది.

శుక్రవారం త్రిమూర్తులు ముందే వచ్చి ఉన్నాడు.

"చలికాలం కదండీ, ఇంటిల్లిపాదీ ఎడారిలో గుడారాలేసుకుని ఉన్నారంట. అమ్మాయినీ తీసుకెళ్లేరు. మొన్ననే తిరిగొచ్చేరు. ఇప్పుడు నా సెల్లులో లైన్లోనే ఉంది. మైకు దగ్గర పెడుతున్నానండి."

"అమ్మా, తిన్నావా?" అంది విజయ.

భూలక్ష్మికి ఏడుపాగలేదు. "గుడారంలో తేలు గానీ కుట్టిందా?"

"అబ్బ, అమ్మా!"

కూతురు ఫోను పెట్టేశాక భూలక్ష్మి మైకుకే చేతులు జోడించింది. "నీ రుణం ఎలా తీర్చుకోను నాయనా?"

"ఊళ్లో ఉన్న మా అమ్మ వీరాయమ్మని ఓసారి ఈ గదికి తీసుకురండి, చాలు. కంప్యూటరంటే భయమండి మా అమ్మకి. ఎంత చెప్పినా రాదు."

భూలక్ష్మి మర్నాడే కేశనపల్లి వెళ్లింది. పై శుక్రవారం నెట్ సెంటరు బల్ల మీద ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. హేమ తెర చూసి నొసలు చిట్లించింది.

"మన చిన్న గదిలో ఇవాళ ముప్పై మందున్నారండి. ఇంకో గది చూడనా?"

భూలక్ష్మి వీరాయమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మా. సర్దుకుంటాం, ఎక్కించెయ్."