పక్షుల గుంపు

వైమానిక దళంలో తన పై ఆఫీసరుగా పనిచేసినాయన రాసుకున్న జ్ఞాపకాల పుస్తకంలో ఆ పేజీని రాడార్ ఆపరేటర్ నాలుగుసార్లు చదివాడు. ముప్పయ్యేళ్ల కిందట ఆకాశంలో కనబడ్డ వింత వస్తువు నిజమేనట, పైవాళ్లే తొక్కిపెట్టించారట. ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా ఉండి, ఇప్పుడొచ్చింది మహానుభావుడికి నోరు!

తిట్టుకుంటూనే పుస్తకం చంకన పెట్టుకుని, చనిపోయిన స్నేహితుడి ఇంటికి వెళ్లాడు. ఆ స్నేహితుడు పైలట్. ఆ వస్తువును కళ్లారా చూశానన్నందుకు పిచ్చివాడని ముద్రవేసి ఇంటికి పంపేశారు. ఆఫీసరు చెప్పాడని లాగ్‌బుక్‌లో ‘పక్షుల గుంపు’ అని రాసింది మాత్రం రాడార్ ఆపరేటరే.

పైలట్ భార్య ఆ పేజీ చదివి, పుస్తకం మూసి, టీ కప్పు అతని ముందుకు జరిపింది.

“ఏం చూశారో ఆయనకి ఎప్పుడూ తెలుసు అన్నయ్యా. రోజూ బాల్కనీలో పిట్టలకి గింజలేస్తూ, ‘నా ఉద్యోగం ఎలాగూ తిన్నారు, ఇవీ తినండి’ అని నవ్వేవారు.”

“నన్నేమైనా అనేవాడా చెల్లెమ్మా?”

“ఛ, మిమ్మల్నా! ‘వాడి తెరమీద కనబడి ఉండదు పాపం. కనబడుంటే నా వైపే నిలబడేవాడు’ అనేవారు.”

ఆ రోజు తెరమీద అది పదకొండు నిమిషాలు స్పష్టంగా కనబడింది. ఆ మాట చెప్పేద్దామని అతను నోరు తెరిచాడు.

“టీ బాగుంది చెల్లెమ్మా,” అన్నాడు.