చెంచా అడిగిన పెద్దల్లుడు

ఓంప్రకాశ్‌కు తోడల్లుడంటే కడుపుమంట. ఇందులో దాచడానికేముంది, మంచిర్యాలలో అతని మెకానిక్ షెడ్డుకు వచ్చే లారీ డ్రైవర్లను ఎవరిని అడిగినా చెబుతారు. పొద్దున చాయ్ తాగుతూ మొదలుపెడితే, సాయంత్రం షట్టర్ దించేదాకా ఆ సాయిచంద్ ఊసు కనీసం రెండుసార్లయినా వస్తుంది. మంచి మాటగా మాత్రం ఒక్కసారీ రాదు.

సుల్తానాబాద్‌లో దేవవ్వ ఇంటికి ఓంప్రకాశ్ పెద్దల్లుడై పద్దెనిమిదేళ్ళు. మొదటి ఏడేళ్ళు ఆ ఇంట్లో అతనిదే రాజ్యం. కోడిని కోస్తే కార్జం ముక్క అతని పళ్ళెంలోనే పడేది. ఊళ్ళో ఏ మిల్లులో ఇంజన్ మొరాయించినా "మా అల్లునికి ఫోన్ చెయ్యుండ్రి" అని దేవవ్వ గల్లీ మొత్తానికీ వినబడేలా అనేది. తర్వాత చిన్నకూతురు కావ్యను సాయిచంద్‌కు ఇచ్చారు. అతను కరీంనగర్‌లో ఒక ఇంజన్ల కంపెనీలో సర్వీసు ఇంజనీరు. కంపెనీ చొక్కా, కంపెనీ కారు, చంకలో లాప్‌టాప్. ఇంకేముంది, కార్జం ముక్క పక్క పళ్ళెంలోకి జరిగింది. "మా చిన్నల్లుడు చేతికి మసి అంటకుంట ఇంజన్ బాగుచేస్తడమ్మా" అని దేవవ్వ మురిసినప్పుడల్లా ఓంప్రకాశ్ తన గోళ్ళ సందుల్లోని నల్లటి గీతల వంక చూసుకునేవాడు. ఎంత సబ్బు రుద్దినా అవి పోవు.

అది కూడా ఓర్చుకునేవాడేమో. ఓర్వలేనిది మిల్లు సంగతి. సుల్తానాబాద్‌లో ఒక బాయిల్డ్ రైస్‌మిల్లు జనరేటర్ పదిహేనేళ్ళు ఓంప్రకాశ్ చేతి మీదే నడిచింది. రెండేళ్ళ కిందట సావుకారు దాన్ని తుక్కులో వేసి, కంప్యూటర్‌తో నడిచే కొత్త ఇంజన్ దింపాడు. లారీ ఇంజన్లకు ముత్తాతలాంటిది, ఒక గది నిండా ఉంటుంది. అప్పట్నుంచి పిలుపులన్నీ సాయిచంద్‌కే. పెట్టెలో అమర్చుకున్న పరికరాలతో, దర్జాగా, తన మిల్లులోకి, తన ఇంజన్ గదిలోకి వాడు నడిచి వెళ్ళడం! తలచుకుంటే ఓంప్రకాశ్‌కు అన్నం సయించేది కాదు.

ఈ ఏప్రిల్ నెలాఖరులో గాలివాన కొట్టి కరెంటు స్తంభాలు పడిపోయాయి. మిల్లు తొట్లలో యాసంగి వడ్లు నానుతున్నాయి. వాసన పట్టకముందే వాటిని ఉడికించి ఆరబెట్టాలి. జనరేటరేమో స్టార్టవుతుంది, లోడు పడగానే గుడ్లు తేలేస్తుంది. జనరేటర్ ఆపరేటర్ అక్బర్ పొద్దున ఎనిమిదిన్నరకు ఓంప్రకాశ్‌కు రహస్యంగా ఫోన్ చేశాడు. పాత ఇంజన్ నాటి మనిషి, ఇప్పటికీ ఉస్తాద్ పక్షమే.

"ఉస్తాద్, సావుకారు మీ సడ్డకుడు సాయిచంద్ సార్‌కు ఫోన్ కొట్టిండు. ఆయన వచ్చేసరికి పదకొండైతదట. జర మీరు ముందుగాల్ల వచ్చి చూస్తరా?"

చూడకేం! పళ్ళు తోముకున్నాడో లేదో, బండి తీశాడు. దారి పొడవునా ఒకటే ఊహ. సాయిచంద్ కారు దిగేసరికి ఇంజన్ దడదడా నడుస్తుండాలి. తను కుర్చీలో కాలు మీద కాలేసుకుని చాయ్ తాగుతుండాలి. "ఏం తమ్మీ, గింత ఆలస్యమా?" అనాలి. ఆ ఒక్క మాట కోసం అరవై కిలోమీటర్లు గంటలో కొట్టాడు.

పాత ఇంజన్లలో ఏ సిలిండర్ పడుకుందో కనుక్కోవడానికి మెకానిక్‌లందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. ఇంజన్ నడుస్తుండగానే డీజిల్ పైపుల నట్లను ఒక్కొక్కటే కాస్త వదులు చేస్తారు. చప్పుడు మారితే ఆ సిలిండర్ బాగున్నట్టు, మారకపోతే రోగం అక్కడే. నాలుగు చుక్కలు కారితే గుడ్డతో తుడిచేస్తారు. ఇరవై రెండేళ్ళలో ఓంప్రకాశ్ అలా కొన్ని వేల నట్లు ఇప్పాడు. కానీ ఈ కొత్త ఇంజన్‌లో డీజిల్ చుక్కలుగా కారే రకం కాదు. ఆరు సిలిండర్లకూ కలిపి ఒకే ఉక్కు గొట్టంలో, లారీ టైరులోని గాలికన్నా రెండు వందల రెట్ల ఒత్తిడితో కూర్చుని ఉంటుంది. నట్టు ముట్టుకోవద్దని ఎర్రబొమ్మతో హెచ్చరిక కూడా అంటించి ఉంది. ఓంప్రకాశ్ దాన్ని చూశాడు. కంపెనీవాళ్ళను తప్ప ఇంకెవరినీ పిలవకుండా ఉండటానికే ఈ బెదిరింపులని తీర్మానించుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు!

"ఉస్తాద్, గా నట్టు ఇప్పొద్దని రాసిండ్రు," అన్నాడు అక్బర్.

"రాసినోడు నాకన్న ఎక్కువ ఇంజన్లు ఇప్పిండా? నువ్వు స్టార్ట్ చెయ్యి."

మొదటి పైపు నట్టును పానాతో అర చుట్టు తిప్పాడు. బుస్సుమంది. ఇంజన్ తనంతట తానే ఆగిపోయింది. కుడిచేతి చూపుడువేలి కొసలో చీమ కుట్టినట్టయింది, అంతే. చూస్తే సూదిమొనంత చుక్క. రక్తం కూడా రాలేదు. నట్టు బిగించి, వేలు ప్యాంటుకు తుడుచుకుని, "నీకు నాకు తప్ప ఎవ్వలకు తెల్వొద్దు" అని అక్బర్‌తో ఒట్టు వేయించుకున్నాడు. అప్పుడు టైము పదీ పది.

పదకొండు కాకముందే సాయిచంద్ కారు వచ్చింది. దిగుతూనే "అరె, అన్నా! నువ్వొచ్చినవా, మంచిదాయె" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఓంప్రకాశ్‌కు ఒళ్ళు మండిపోయింది.

ఇక మొదలైంది తతంగం. లాప్‌టాప్ తగిలించాడు. గొట్టంలో ఒత్తిడి సున్నాకు దిగిందని తెర మీద చూశాడు. బ్యాటరీ స్విచ్ ఆపి దానికి తన సొంత తాళం వేశాడు, తన పేరున్న ఎర్ర చీటీ వేలాడదీశాడు, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కరెంటు లేనప్పుడు దానంతటదే స్టార్టయ్యే ఇంజన్ కాబట్టి ఈ తాళం లేకుండా చెయ్యి పెట్టనన్నాడు. పది నిమిషాలు ఊరికే నిలబడ్డాడు.

"ముహూర్తం కోసం చూస్తున్నవా తమ్మీ?" అన్నాడు ఓంప్రకాశ్.

"కాదన్నా, ఇంక ఎక్కడన్న ఒత్తిడి మిగిలిందేమోనని."

ఆ జవాబులో ఎత్తిపొడుపు లేదు. అదే మరీ కష్టంగా ఉంది. ఓంప్రకాశ్ జేబులో చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. వేలి కొస మొద్దుబారుతోంది.

తెరలోకి చూస్తున్న సాయిచంద్ ముఖం ఉన్నట్టుండి మారిపోయింది. "అక్బర్ భాయ్, పదీ పదికి ఇంజన్ నడుస్తుండంగ ఎవలో పైపు నట్టు ఇప్పిండ్రు. ఒక్కసారే ఒత్తిడి పడిపోయినట్టు రాసుకుంది గిది. ఎవలు?"

ఒట్టు వేసిన అక్బర్ గుడ్డ తీసుకుని, తుడిచిన చోటే మళ్ళీ తుడవసాగాడు.

"కోపానికి అడుగుతలేను. చేతికి సూది గుచ్చినట్టయిందా ఎవలకన్న? అయితే ఇప్పుడే చెప్పాలె. డీజిల్ తోలు కిందికి పోతే పైకి ఏం కనబడది, లోపల్లోపల కండనంత చంపుతది. గంటలు గడిస్తే చెయ్యే పోతది. ఏదీ, చేతులు చూపియ్యి." సాయిచంద్ అక్బర్ చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఏమీ లేదు. తర్వాత ఓంప్రకాశ్ వైపు తిరిగాడు. పెద్ద తోడల్లుణ్ణి చేతులు చూపించమని ఎలా అడుగుతాడు? "అన్నా, నీకేం కాలే గదా?" అని మాత్రం అన్నాడు.

అప్పుడు చెప్పొచ్చు. నోటి చివరిదాకా వచ్చింది కూడా. చెబితే ఏమవుతుంది? వేలు బాగవుతుంది. దాంతోపాటు పాత మెకానిక్ కొత్త ఇంజన్ దగ్గర తెల్లమొహం వేశాడని సావుకారుకు తెలుస్తుంది, మధ్యాహ్నానికి దేవవ్వకు తెలుస్తుంది, సాయంత్రానికి గల్లీకి తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు వీడికి తెలుస్తుంది.

"నాకేమైతది? నీ లాప్‌టాప్ మనుషుల చేతులు గుడ చదువుతదా?" అన్నాడు.

సాయిచంద్ ఇంకోసారి అడిగాడు. ఓంప్రకాశ్ ఇంకోసారి లేదన్నాడు.

అసలు రోగం ఏమిటో తెలుసా? ఎలుకలు! మిల్లులో తవుడుకు మరిగిన ఎలుకలు ఇంజన్ వెనక ఒత్తిడి కొలిచే వైరు మీది తొడుగు కొరికేశాయి. లోడు పడి ఇంజన్ అదిరినప్పుడల్లా వైరు ఇనుముకు తగిలి కంప్యూటర్ కంగారుపడుతోంది. సాయిచంద్ వైరు మార్చాడు. విప్పిన నట్టు ఉన్న పైపును కూడా తీసేసి కొత్తది బిగించాడు. స్టార్ట్ చేశాక ఆ చుట్టుపక్కల చెయ్యి పెట్టకుండా, దూరం నుంచి అట్టముక్క పట్టి చూశాడు, ఎక్కడైనా తడుస్తుందేమోనని. లోడు పడింది. ఇంజన్ నిలబడింది. సావుకారు "శభాష్ సాయీ!" అన్నాడు. అప్పటికి ఓంప్రకాశ్ వేలు జేబులోనే బిర్రుగా వాచింది.

భోజనానికి ఇద్దరూ అత్తగారింటికి వెళ్ళక తప్పలేదు. కోడికూర వండి ఎదురుచూస్తోంది దేవవ్వ. ఓంప్రకాశ్ భార్య మమతారాణి కూడా పుట్టింట్లోనే ఉంది, కావ్య కూడా. "పొద్దుగాల్నే ఇంజన్ బాగుచేసిండట గదా నా బిడ్డ!" అంటూ చిన్నల్లుడికి వడ్డించింది. ఓంప్రకాశ్ పళ్ళెంలో అన్నం పెట్టింది. అతను అన్నం వంక చూశాడు. కుడిచెయ్యి కదలడం లేదు. ఎడమచేత్తో ముద్ద పెట్టుకుంటే అత్తగారింట్లో తలతీసినట్టే.

"అత్తా, ఒక చెంచా ఇయ్యరాదు," అన్నాడు.

దేవవ్వ గరిటె పట్టుకుని ఆగిపోయింది. "చెంచానా? నా చేతి కూరను చెంచాతోని తింటవా? పెద్దల్లుడు పట్నపు సాబైండే కావ్యా!" ఆడవాళ్ళు నవ్వారు. సాయిచంద్ నవ్వలేదు. ముద్ద పళ్ళెంలో వదిలేసి, లేచి వచ్చి, ఏమీ అడక్కుండా ఓంప్రకాశ్ చెయ్యి జేబులోంచి లాగాడు. వేలు పాలిపోయి, రాయిలా గట్టిగా ఉంది. మణికట్టు దాకా వాపు.

"నాలుగు గంటలాయె గదనే అన్నా!" అన్నాడు. కడగని చేత్తోనే కారు తాళం తీసుకున్నాడు.

కరీంనగర్ ఆసుపత్రిలో మొదట చూసిన డాక్టరు, సూది గుచ్చుకున్నదానికి ఇంత హడావుడి ఎందుకన్నాడు. ఒక ఇంజెక్షన్ చేసి పంపిస్తానన్నాడు. సాయిచంద్ కదల్లేదు. ఇలాంటి గాయమైతే డాక్టరుకు చూపించమని కంపెనీ ఇచ్చిన కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. పెద్ద సర్జన్ వచ్చేదాకా ఇక్కణ్ణుంచి జరగనన్నాడు, అరిచాడు, దండం పెట్టాడు. సర్జన్ వచ్చి చూసి, అప్పటికప్పుడు ఆపరేషన్ గదిలోకి తీసుకుపొమ్మన్నాడు. చెయ్యి దక్కింది. చూపుడువేలు దక్కలేదు.

మర్నాడు పొద్దున మంచం చుట్టూ అందరూ ఉన్నారు. సర్జన్ కట్టు చూసి, "రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే వేలు మిగిలేది" అని వెళ్ళిపోయాడు. దేవవ్వ చిన్నల్లుడి వైపు తిరిగింది.

"నువ్వు పొద్దటి సంది పక్కన్నే ఉన్నవు గదా బిడ్డా. గీ సదువు సదివినోనివి. మరి అప్పుడే ఎందుకు తేలే?"

సాయిచంద్ ఒక్క క్షణం ఓంప్రకాశ్ ముఖం చూశాడు. తర్వాత తలవంచుకున్నాడు. "నాదే తప్పత్తమ్మా. అన్న అప్పుడే చెప్పిండు. ఇంజన్ పనైనంక పోదామని నేనే అన్న. గింత దూరం వస్తదనుకోలే."

అంతే, దేవవ్వ అగ్గిలా లేచింది. "మనిషికన్న ఇంజనెక్కువైందా నీకు? సదువుకున్నోనివని నెత్తిన పెట్టుకుంటిమి గదా! పనిచేసే చెయ్యి గది, పిల్లలకు బువ్వ పెట్టే చెయ్యి!" కావ్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మమతారాణి మరిదిని కాల్చేసేలా చూసింది.

నిజం చెప్పొద్దూ, ఓంప్రకాశ్ గుండెలో చల్లటి మజ్జిగ పోసినట్టయింది. పదకొండేళ్ళుగా ఏ దేవుణ్ణీ అడగలేక, లోలోపల కోరుకున్నది ఇదే. వాడు తిట్లు తినాలి, అదీ ఈమె నోటితో. ఇప్పుడు తను చేయాల్సిందేమీ లేదు. కళ్ళు మూసుకుని పడుకుంటే చాలు. మూసుకున్నాడు కూడా. ఇంకా తిట్టు అత్తా, ఇంకా తిట్టు, అనుకున్నాడు.

"నా పెద్దల్లుడు భోళా మనిషి," దేవవ్వ ఏడుస్తూ అంటోంది. "కడుపుల ఏదీ దాసుకోడు. ఉన్నది ఉన్నట్టు నీకు చెప్పుకున్నడు. నువ్వేమో..."

ఓంప్రకాశ్ ఇక పడుకోలేకపోయాడు.

"అత్తా, ఊకో. తమ్మి అబద్ధమాడుతుండు. నేను చెప్పలే. గాయన రెండుసార్లు అడిగిండు. చెయ్యి పోతదని గుడ చెప్పిండు. నేనే జేబుల పెట్టుకుని నిలబడ్డ."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. మమతారాణి మంచం మీదికి వంగింది. "చెయ్యి పోతదని తెలిసి గుడ? ఎందుకు దాచినవయ్యా?"

ఓంప్రకాశ్ కట్టు కట్టిన చేతి వంక చూశాడు. సాయిచంద్ వంక చూడటానికి కాస్త సమయం పట్టింది.

"గీనికి తెలుస్తదని," అన్నాడు.