ఇస్త్రీ చేస్తే సర్దుకుంటాయి

టీచరమ్మకు కుదురుగా కూర్చోవడం పుట్టుకతోనే రాలేదు. బడిలో లెక్కలు చెప్పినన్నాళ్ళూ బెంచీల మధ్య తిరుగుతూనే చెప్పింది. పిల్లల పుస్తకంలో తప్పు కనిపిస్తే చాలు, నిలబడిన చోటే ఎర్రసిరా పెన్ను తీసి దిద్దేది. రిటైరయ్యాక దిద్దడానికి ఏమీ మిగలక ఇంటిమీద పడింది. గోడమీద ఫొటో సరిచేసేది, కాసేపటికి వచ్చి సరిచేసిన ఫొటోనే మళ్ళీ సరిచేసేది. ఆ పోరు పడలేక మొగుడుగారే ఆవిణ్ణి తీసుకెళ్ళి ఊలుకొట్టులో దింపి వచ్చాడని స్నేహితురాళ్ళు ఏడిపిస్తుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

ఊలుకొట్టు వెనక ఒక గది ఉంది. గోడల నిండా రంగురంగుల ఊలు ఉండలు కూరిన అరలు, మధ్యలో పొడుగాటి బల్ల, వీధి వైపు కిటికీ. ప్రతి గురువారం మధ్యాహ్నం అక్కడ చేరి ఎవరికి చేతనైన పని వాళ్ళు చేసుకుంటారు. కొట్టు యజమానురాలు అందరికన్నా పెద్దది కాబట్టి పిన్ని అయింది. ఆవిడ ఏళ్ళ తరబడి ఒకే శాలువా అల్లుతోంది. సగం అయ్యేసరికి నచ్చదు, లాగేసి మళ్ళీ మొదలుపెడుతుంది. ఊలు అమ్ముకునేవాళ్ళు ఊలు వృథా చేయరని ఆవిడ వాదన.

ఇక మూడో మనిషి బేకరీ వదిన. టీచరమ్మకు ఆవిడతో చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్క ఇళ్ళలోకి కొత్త కోడళ్ళుగా వచ్చారు, ఒకరి పిల్లలు ఇంకొకరి ఇంట్లో తిని పెరిగారు, అలా వదినలైపోయారు. వదిన కేకుల మీద క్రీముతో పేర్లు రాస్తే చూడ్డానికి జనం అద్దం అవతల నిలబడేవాళ్ళు. ఈమధ్య ఆ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. పేర్లు రాసే పని కుర్రవాళ్ళకు అప్పజెప్పి, క్రీము పల్చబడిందని, క్రీము పిండే గొట్టం బాగాలేదని వదిన సాకులు చెప్పుకుంది.

ఆ ఏడాది వదిన కూతురు నెల తప్పింది. పుట్టబోయే బిడ్డకు ముగ్గురూ కలిసి బొంత కుట్టాలనుకున్నారు. పైన పూల గుడ్డ, మధ్యలో పల్చటి దూది, అడుగున తెల్లగుడ్డ, ఈ మూడూ కలిపి చేత్తో వరసలు వరసలుగా కుట్టిన చదరపు గళ్ళు. ఎవరి గళ్ళు వాళ్ళు కుడతారు. మిషను టీచరమ్మ ఇంట్లో ఉంది కాబట్టి ఆవిడ వాటిని పట్టుకెళ్ళి, ఇస్త్రీ చేసి దాచి, చివర్న అన్నీ జోడిస్తుంది. ఒప్పందం అదీ.

సన్నసూది చేతికి పట్టు దొరక్క వదిన లావు సూది తెచ్చుకుంది.

"అది సూదా, దబ్బనమా? బిడ్డకు బొంత కుడుతున్నావా, బియ్యం బస్తా కుడుతున్నావా?" అంది పిన్ని.

"నా సూది నా ఇష్టం. నీ శాలువా సంగతి చూసుకో ముందు," అని వదిన నవ్వేసింది.

వదిన కుట్టిన మొదటి గడి ఇంటికి తీసుకెళ్ళి బల్లమీద పరిచినప్పుడు టీచరమ్మ చేతులు ఊరుకోలేదు. కుట్ల వరస సగం దూరం బుద్ధిగా వచ్చి, అక్కణ్ణించి పక్కకు జారిపోయింది. చూసీ చూడనట్టు ఊరుకుందామనుకుంది. వంటింట్లోకి వెళ్ళి వచ్చింది, వీధిలోకి వెళ్ళి వచ్చింది. చివరికి కుట్లు విప్పే చిన్నకత్తి తీసి వరసలన్నీ విప్పి, తిన్నగా మళ్ళీ కుట్టేసి, హాయిగా ఊపిరి పీల్చుకుంది. స్నేహితురాలికి మేలు చేశానన్న తృప్తి కూడా కలిగింది పాపం.

తరవాతి గురువారం టీచరమ్మ తెచ్చిన ఆ గడిని వదిన అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేంటి, పోయినసారి పాములా మెలికలు తిరిగింది కదా?"

టీచరమ్మ తలెత్తలేదు. "ఇస్త్రీ చేస్తే సర్దుకుంటాయి వదినా."

"అయితే మా ఆయన్ని కూడా ఒకసారి నీ ఇస్త్రీ కింద పెట్టు," అంది పిన్ని. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో అబద్ధం కాస్తా మాటగా చెల్లిపోయింది. అక్కణ్ణించి వదిన కుట్టడం, టీచరమ్మ విప్పి కుట్టడం అలవాటైపోయింది.

గళ్ళన్నీ పూర్తయ్యాక వచ్చిన గురువారం వదిన తన సంచీ బల్లమీద పెట్టి, ఏదో గెలిచి వచ్చిన మనిషిలా చెప్పింది.

"మాత్రలు మానేశాను."

"మానేయడమేంటి?" టీచరమ్మ చేతిలో సూది ఆగింది.

"అవి వేసుకుంటే కడుపులో తిప్పుతోంది. పొద్దెక్కేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎందుకు ఆ బాధ? ఇదిగో, మీరే చూడండి." టీచరమ్మ ఇస్త్రీ చేసి తెచ్చిన వాటిలోంచి వదిన తన గళ్ళు తీసి బల్లమీద వరసగా పేర్చింది. "ఇవి మొదట్లో కుట్టినవి. ఇవి మొన్నటివి. ఇసుమంతైనా తేడా ఉందా? స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. కుట్టేటప్పుడు నాకు వంకరగా కనిపిస్తాయి, అది నా కళ్ళ దోషం. అందుకే కొత్త కళ్ళజోడు కూడా చేయించుకున్నా."

టీచరమ్మ చేతిలోని సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"అమ్మాయికి నా చేతిమీద నమ్మకం లేదు," అంది వదిన, కాస్త గొంతు తగ్గించి. "నోరు తెరిచి అనలేదులే. నిన్న వేడి గిన్నె దించబోతే చేతిలోంచి లాక్కుంది. రేపు బిడ్డనైనా అంతే కదా, నా చేతికివ్వదు. వచ్చే గురువారం బొంత తీసుకోవడానికి వస్తుందిగా, అప్పుడు చూపిస్తా దాని తల్లి చెయ్యేంటో."

ఆ వారమంతా టీచరమ్మ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. గళ్ళు జోడించడానికి మిషను ముందు కూర్చునేది, రెండు గళ్ళు కలిపి లేచేది. గోడమీద ఫొటోలన్నీ సరిచేసింది.

"ఫొటోలయిపోయాయి. ఇక నన్ను సరిచేస్తావా?" అన్నాడు మొగుడుగారు పేపరు చాటునుంచి.

ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన పేపరు మడిచాడు.

"వెళ్ళి చెప్పెయ్."

"చెప్తే జన్మలో నా మొహం చూడదు."

"చెప్పకపోతే మాత్రలు వేసుకోదు."

ఇలాంటప్పుడు సరైన మాట చెప్పే మొగుణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది. టీచరమ్మకూ మండింది. చెప్పులేసుకుని బయల్దేరింది.

బేకరీలో వదిన పొయ్యిలోంచి రొట్టెల పళ్ళెం తీస్తోంది. పళ్ళెం ఇనప బల్లకు తగిలి టకటకలాడింది. "చేతిగుడ్డ జారింది," అంది వదిన, ఎవరూ అడక్కుండానే. టీచరమ్మను చూసి మొహం విప్పారింది. "రా రా. మా అమ్మాయికి చెప్పానులే, గురువారం నీకో చిత్రం చూపిస్తానని!" ఆ సంబరం చూసి టీచరమ్మ ఒక రొట్టె కొనుక్కుని వచ్చేసింది. మర్నాడూ వెళ్ళింది, మర్నాడూ రొట్టె కొనుక్కునే వచ్చింది. మొగుడుగారు టీలోకి రొట్టె, కూరలోకి రొట్టె తిని, "త్వరగా చెప్పెయ్, నా అరుగుదల పాడవుతోంది," అని బతిమాలుకున్నాడు.

గురువారం వచ్చింది. వదిన కూతురు నిండు నెలలతో, నడుం మీద చెయ్యి వేసుకుని, ఆయాసపడుతూ వచ్చి పిన్ని ఇచ్చిన కుర్చీలో కూర్చుంది. వదిన బొంతను ఆ పిల్ల ఒళ్ళో పరిచింది.

"ఈ పసుపు పూలవన్నీ నావి. చూడు. బాగా చూడు."

ఆ పిల్ల వేలితో ఒక వరస పొడుగునా రాసింది, ఇంకో వరస రాసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నువ్వేనా అమ్మా కుట్టింది? నేనే అనవసరంగా హడలిపోయాను. రేపు పెద్ద డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను, నీకు చెప్పకుండా. వద్దని ఫోన్ చేసేస్తాలే." కళ్ళు తుడుచుకుని నవ్వింది. "బిడ్డకి రోజూ నువ్వే నీళ్ళు పోయాలి మరి."

టీచరమ్మకు వేడినీళ్ళు, సబ్బు, జారిపోయే పసిబిడ్డ, ఆ టకటకలాడిన పళ్ళెం అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. లేచి నిలబడింది.

"ఆ గళ్ళు నేను కుట్టాను."

"నీవి నీలం పూలవి కదే," అని నవ్వింది వదిన.

"నీవి కూడా నేనే కుట్టాను వదినా. నువ్వు కుట్టినవి ఇంటికి తీసుకెళ్ళి విప్పేశాను. మొదటి గడి నుంచీ."

గదిలో పిన్ని సూదుల చప్పుడు ఆగిపోయింది.

"ఇస్త్రీ చేస్తే సర్దుకుంటాయన్నావు," అంది వదిన నెమ్మదిగా.

"అబద్ధం చెప్పాను."

"నా కళ్ళు పోయాయనుకున్నాను నేను! కొత్త కళ్ళజోడు చేయించుకున్నాను!" వదిన గొంతు లేచింది. "బళ్ళో పిల్లల్ని నిలబెట్టి అందరి ముందూ తప్పు చెప్పేదానివే. నాకు చెప్పడానికి నీకు నోరు రాలేదా? నేనంటే అంత జాలా?"

"జాలి కాదు. వంకర చూడలేకపోయాను." ఆ మాట ఎంత చేదుగా ఉందో అన్నాకగానీ టీచరమ్మకు తెలియలేదు. తల కొట్టేసినట్టయింది.

వదిన కూతురి ఒళ్ళోని బొంతను తడిమింది. తరవాత అడిగింది. "మరి నా కుట్లేవి? నేను కుట్టినవి ఏమయ్యాయి?"

టీచరమ్మ బొంత తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. తెల్లగుడ్డ వైపు పైకి తిప్పి, ఎండ ఏటవాలుగా పడేలా పట్టుకుంది. కొత్త గుడ్డ, నీళ్ళు తగలని గుడ్డ. ఆవిడ తిన్నని కుట్ల పక్కనే, లావు సూది దిగిన బెజ్జాలు చుక్కలు చుక్కలుగా కనిపించాయి. దారం పోయినా దారి పోలేదు. మొదటి గళ్ళలో ఆ చుక్కలు కొంచెమే పక్కకు ఒరిగాయి. తరవాతి వాటిలో పైకి ఎక్కి కిందికి దిగాయి. చివరి గడికి వచ్చేసరికి ఏ చుక్క ఏ వరసదో చెప్పడం కష్టం.

నలుగురూ చూశారు. కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వదిన కళ్ళజోడు సవరించుకుని, మొదటి గడి నుంచి చివరి గడి దాకా వంగి వంగి చూసింది.

"కళ్ళజోడు మంచిదే," అంది చివరికి. "అన్నీ బాగానే కనిపిస్తున్నాయి."

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం అమ్మా," అంది కూతురు, ఆవిడ చెయ్యి పట్టుకుని. "ఈ బొంత కూడా తీసుకెళ్దాం. ఎప్పట్నుంచి ఎలా ఉందో ఆయనకి తెలుస్తుంది."

"దీన్ని చూస్తే ఆయనకేం తెలుస్తుంది? ఈవిడ చెయ్యి బ్రహ్మాండంగా ఉందని తెలుస్తుంది." వదిన బల్లమీద ఉన్న చిన్నకత్తి తీసి టీచరమ్మ ముందు పడేసింది. తన లావు సూది కూడా తీసి పక్కన పెట్టింది. "విప్పు. నా గళ్ళన్నీ విప్పు. నా బెజ్జాల్లోంచే మళ్ళీ కుట్టు. ఒక్క బెజ్జం తప్పినా ఊరుకోను."

టీచరమ్మ కూర్చుంది. విప్పింది. లావు సూదిలో దారం ఎక్కించి మొదలుపెట్టింది. ఇంత కష్టమైన పని ఆవిడ జన్మలో చేయలేదు. చెయ్యి తిన్నగా పోదామంటుంది, బెజ్జం పక్కకు రమ్మంటుంది. కాళ్ళు లేచి తిరుగుదామంటాయి. వదిన మోకాలికి మోకాలు తగిలేలా పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉంది. సంచీలోంచి మాత్రల అట్ట తీసి, పిన్నిని నీళ్ళడిగి, ఒకటి వేసుకుంది. సగం నీళ్ళు చీరమీద ఒలికాయి. తుడవడానికి ఎవరూ లేవలేదు, లేవకూడదని అందరికీ తెలిసింది.

"ఆగు. అక్కడ కిందికి దిగాలి."

"దిగుతున్నా."

"దిగలేదు. తిన్నగా పోయావు. విప్పు."

టీచరమ్మ విప్పింది.

ఎండ పల్చబడే వేళకు చివరి గడికి వచ్చారు. అక్కడ ఆవిడ సూది ఆగిపోయింది. ఒక్క కుట్టు పడాల్సిన చోట బెజ్జాలు గుంపుగా ఉన్నాయి. ఒకే చోటికి గురిపెట్టి, తప్పి, మళ్ళీ గురిపెట్టి, మళ్ళీ తప్పిన బెజ్జాలు. ఆ గురువారం వదిన ఎదురుగా కూర్చుని నవ్వుతూ కబుర్లు చెప్తూనే ఉంది. ఆ నవ్వు కింద ఆ చెయ్యి ఇంత పోట్లాట పోట్లాడిందని ఎదురుగా ఉన్న మనిషికి తెలియలేదు. ఇంటికి తీసుకెళ్ళి విప్పినప్పుడు కూడా కనిపించలేదు, వంకరే కనిపించింది. టీచరమ్మకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"ఇందులో ఏది వదినా? దేంట్లోంచి కుట్టను?"

వదిన వంగి చూసింది. వణికే వేలు ఆ గుంపుమీద ఆనించింది.

"అన్నీ నావే," అంది. "అన్నిట్లోంచీ కుట్టు."