కుళాయి కింద చెయ్యి

నీళ్లు.

కుళాయి నుంచి సన్నగా, తెల్లగా, ఆగకుండా... ఒక చేతి మీద పడి, ఎర్రబడి, తూములోకి పోతున్నాయి.

చెయ్యి కోడలిది. పట్టుకున్నది అత్తగారు.

ఆ రెండు చేతులూ ఒకదాన్నొకటి తాకి ఎన్నాళ్లయిందో! టీ గ్లాసు కూడా ఒకరు బల్ల మీద పెట్టి పోతారు, ఇంకొకరు వచ్చి తీసుకుంటారు. లారీ వేసుకుని వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. ఈమెకి కొడుకు, ఆమెకి మొగుడు. అప్పట్నుంచి అంతే. ఎవరి ఏడుపు వాళ్లదే, ఎవరి గది వాళ్లదే.

పోట్లాట కాదు. పోట్లాడుకున్నా బాగుండేది.

వాన పట్టుకుని వదలడం లేదు. తలుపు వెనక కొక్కేనికి అతని చొక్కా. చెమట వాసన, డీజిలు వాసన, అతని వాసన. దాని కింద అతని కుక్క. పేరు దొర. జేబులో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి అతనే పెట్టాడా పేరు. పనీపాటా లేదు, అన్నీ కూర్చున్నచోటికే రావాలి, దొర కాక మరేమిటి అని. ఇప్పుడా దొర ముసలివాడు. చొక్కా కిందే పడక. చొక్కాకే కాపలా.

ఆ పొద్దున కోడలు చొక్కా తీసింది. బూజు పట్టేస్తోంది, ఒక్కసారి ఉతుకుదామని.

అంతే.

దొర మొరగను కూడా మొరగలేదు. మణికట్టు పైన పళ్లు దిగాయి.

అత్తగారు ఇన్నాళ్లూ దిగమింగుకున్న మాటని కుక్క అనేసింది.

ఆవిడే ఉరికొచ్చింది. మెడ పట్టుకుని లాగింది, నోటికొచ్చినట్టు తిట్టింది, వరండాలోకి ఈడ్చి గొలుసు వేసింది. ఈలోగా ఇరుగుపొరుగు వచ్చేశారు. ఊరుకుంటారా? ఒకావిడ కారం తెచ్చింది. ఒకాయన సున్నం అన్నాడు. పైవాటా ఆయన గుడ్డతో బిగించి కట్టమన్నాడు. తలా ఒక డాక్టరు. అత్తగారు కారం గిన్నె అందుకుని, కూరలో వేసుకో తల్లీ అని దాన్ని వెనక్కిచ్చి, కోడల్ని కుళాయి దగ్గరికి లాక్కుపోయింది.

సబ్బు. నీళ్లు. మళ్లీ సబ్బు. మళ్లీ నీళ్లు.

భగ్గున మంట. కోడలు చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"ఇంకాసేపు," అంది అత్తగారు.

అది ఆవిడ మాట కాదు. నీళ్లు పోస్తూనే చెప్పింది. పిల్లగా ఉన్నప్పుడు దొర ఆవిడ వేలు కొరికాడట. కొడుకు ఇంకాసేపు, ఇంకాసేపు అంటూ ఇదే కుళాయి కింద పావుగంట పట్టుకున్నాడట. నీళ్లన్నీ దండగరా అంటే, నీళ్లు పోతే పోనీ, నువ్వు పోతే నేనెక్కడ తేను అన్నాడట.

అతని మాట ఆ ఇంట్లో వినబడి ఎంతకాలమైందో... కోడలు చెయ్యి తీయలేదు.

ఆసుపత్రిలో గాయం చుట్టూ ఒక సూది, భుజానికి ఒక సూది. మిగతావాటికి ఎప్పుడెప్పుడు రావాలో చెప్పారు. కుక్కకి టీకా వేయించారా అని నర్సు అడిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏటా తీసుకెళ్లేవాడు అతనే. ఈ ఏడు ఆ సంగతి ఎవరికి గుర్తు? పైగా వానలకి ముందు దొర వీధికుక్కలతో కలబడి చెవి చింపుకుని వచ్చాడు.

పది రోజులు కట్టేసి చూడమంది నర్సు, పిచ్చి ఉంటే ఈలోగా బయటపడుతుందని. దగ్గరికి పోవద్దంది. తింటున్నాడా, నీళ్లు తాగుతున్నాడా, అది చూసుకోమంది. అత్తగారి వైపు తిరిగి, మీకేమైనా తగిలిందా అమ్మా, గోరు గీరుకోవడంలాంటిది కూడా, అని అడిగింది.

లేదంది అత్తగారు.

స్వెట్టరు చెయ్యి కిందికి లాక్కుంటూ.

తర్వాత ఆ ఇంటికి ఒకటే పని. వినడం.

కర్రతో నీళ్ల గిన్నె ముందుకి తోసి, తలుపు మూసి, ఇద్దరూ ఇవతల నిలబడతారు. చప్... చప్... చప్... దొర నాలుక నీళ్లలో పడుతున్న చప్పుడు. అది వినబడితే ఆ పూటకి గండం గడిచినట్టు. అత్తగారు వంటింట్లోకి వెళుతుంది. గిన్నెలు కూడా స్వెట్టరుతోనే తోముతుంది. చేతులు మోచేతిదాకా తడిసిపోయినా పైకి మడవదు. కోడలు చూసింది. చలి కాబోలు అనుకుంది.

చొక్కా ఉతకలేదు. మళ్లీ కొక్కేనికే ఉంది. తలుపుకి ఇవతల.

వాన. కుళాయి. గిన్నె. ఏ నీళ్లని చూసినా భయమే ఆ ఇంట్లో ఇప్పుడు.

ఒకరోజు చప్పుడు రాలేదు.

మధ్యాహ్నానికీ గిన్నె నిండుగానే ఉంది. దొర గోడవైపు తిరిగి పడుకున్నాడు. నోటి నుంచి సన్నగా చొంగ. చొక్కా కనబడక బెంగో... ఇంకొకటో. పైవాటా ఆయన మెట్ల మీదినుంచి తొంగి చూశాడు. ఇంకెవర్నయినా ముట్టుకుందంటే కుక్కల బండివాళ్లని పిలుస్తాను, పట్టుకుపోతారు అని చెప్పి వెళ్లాడు.

అత్తగారు లేచింది. చెంబుతో నీళ్లు తీసుకుంది. నా చేత్తో పోస్తే తాగుతాడని తలుపు గడియ తీసింది.

కోడలు అడ్డం పడి చెయ్యి పట్టుకుంది. చెంబు కిందపడింది. స్వెట్టరు పైకి జరిగింది.

మోచేతి కింద పొడుగ్గా, నల్లగా, ఎండిన గీత.

అత్తగారే చెప్పింది, నేలకేసి చూస్తూ. ఆ రోజే. గొలుసు వేస్తుంటే.

"కరవలేదమ్మాయ్, గోరు గీరుకుంది అంతే. రెండో మనిషి అంటే వాణ్ణి బండెక్కించేస్తారు. అబ్బాయిదంటూ ఈ ఇంట్లో ప్రాణమున్నది ఇంకేముందే?"

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే. కోడలికి కోపం వచ్చింది. లారీ మాట విన్నరోజు దేవుడి మీద కూడా రానంత కోపం. పరాయిదానిలా చూసిన కోడలి చేతికి అంతసేపు నీళ్లు పట్టిన మనిషి, సొంత చేతికి చెంబెడు పోసుకోలేదు. పోసుకుంటే ఎవరైనా చూస్తారని... ఎవరైనా అడుగుతారని.

కోపం కింద భయం. ఈవిడ కూడా పోతే టీ గ్లాసు ఎవరి కోసం బల్ల మీద పెట్టాలి?

తలుపు మూసింది. గడియ వేసింది. లాక్కుపోయింది.

కుళాయి తిప్పింది. సబ్బు. నీళ్లు. మళ్లీ సబ్బు.

"ఎండిపోయిందిగా, ఇప్పుడెందుకే... నీళ్లన్నీ దండగ."

"నీళ్లు పోతే పోనీండి అత్తయ్యా. మీరు పోతే నేనెక్కడ తేను?"

అత్తగారు ఏడ్చింది. కొడుకు పోయాక కోడలి ఎదుట ఏడవడం అదే మొదలు. కోడలూ ఏడ్చింది. చెయ్యి మాత్రం వదల్లేదు. ఇది అవగానే ఆసుపత్రికి. ఇన్ని రోజులు ఎందుకు దాచారని తిడతారు. తిట్టనీ. సూది వేస్తే చాలు. ఆలస్యమైందో లేదో...

అప్పుడు వరండాలో గొలుసు కదిలింది.

గిన్నె నేలకి రాసుకున్న చప్పుడు. తాగుతున్నాడా? తన్నేశాడా?

ఇద్దరూ తలలెత్తారు. కుళాయి కట్టేస్తే వినబడుతుంది. ఒక్క క్షణం కట్టేస్తే చాలు.

అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"ఇంకాసేపు," అంది కోడలు.

నీళ్లు.

సన్నగా, తెల్లగా, ఆగకుండా...