పైవాడు కిందికి దిగిన రోజు

వదిన కూనిరాగం తీస్తోంది. అదీ ల్యాబ్‌లో! చిన్నది తలుపు దగ్గరే ఆగిపోయింది.

ముప్పై దాటినా ఆమె ఇంట్లో చిన్నదే, ఇక్కడా చిన్నదే. వదిన ఒకప్పుడు ఆమెకు ల్యాబ్‌లో సీనియర్ మాత్రమే. ఒక వానరోజు చెల్లెలికి గొడుగు ఇవ్వడానికి వచ్చిన అన్నయ్య, గొడుగు ఇవ్వడం మరిచిపోయి మనసు ఇచ్చి వెళ్లాడు. అలా సీనియర్ కాస్తా వదిన అయింది.

వదిన మాట్లాడేదే తక్కువ. ఈమధ్య అదీ తగ్గింది. ఎంతకాలం చేసినా ప్రయోగం ఒక కొలిక్కి రావడం లేదు. ల్యాబ్ పెద్దాయన మంచివాడే కానీ, "ఇంకొన్నాళ్లు చూద్దాంలే అమ్మా" అంటూ గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన గొంతు తగ్గిందంటే ఆ పని మూతపడబోతోందని అందరికీ తెలుసు.

చూడటానికి అది చిన్న ప్రయోగమే. గాజు పాత్రలో నీళ్లు, వాటితో కలవని నూనెలాంటి ద్రవం. రెండింటి మధ్య సన్నటి హద్దు. రెండింట్లోనూ తీగలు ముంచి విద్యుత్తు ఒత్తిడిని మెల్లగా పెంచితే, నీళ్లలో కరిగిన మందు అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, ఆ హద్దు దాటి నూనెలోకి పోతాయి. దాటేటప్పుడు కంప్యూటర్ తెర మీద గీత గుట్టలా లేస్తుంది. మందు ఒంట్లో కణం గోడను ఎలా దాటుతుందో అంచనా వేయడానికి అదొక దారి.

వాళ్లు వాడే నూనె నీళ్లకన్నా బరువు. అందుకని నీళ్లు ఎప్పుడూ పైన ఉండేవి. నీళ్లకు వాళ్లు పెట్టుకున్న పేరు పైవాడు, నూనెకు కిందవాడు. "పైవాడు ఎలా ఉన్నాడే?" "కదలకుండా ఉన్నాడు వదినా, అంతా ఆయన దయ." ఇది విని పక్కగది వాళ్లు వీళ్లిద్దరికీ భక్తి ఎక్కువనుకునేవారు. ఆ నూనె వాసనకు తలనొప్పి వస్తోందని, ఈ వారమే కొత్త నూనె తెప్పించారు.

"అక్కడే నిలబడ్డావేం? ఇలా రా, చూడు!" అంది వదిన.

తెర మీద గుట్ట ఉంది. కానీ ఉండాల్సిన వైపు కాదు, రెండోవైపు, అదీ తలకిందులుగా.

"ధనావేశం ఉన్న మందే ఇది. ఋణావేశం ఉన్నదానిలా దాటుతోంది! ఎందుకో తెలుసా? ఒంటరిగా పోవట్లేదే. సినిమాకి ఒక్కతే పోనని స్నేహితురాళ్లని వెంటేసుకునే పిల్లలా, చుట్టూ ఋణావేశాలని పోగేసుకుని పోతోంది. మధ్యాహ్నం పెద్దాయన్ని రమ్మన్నా."

వదిన ముఖం పదేళ్లు తగ్గినట్టుంది. చిన్నది నవ్వుతూ పాత్ర మీదికి వంగింది. తీగలకు అంటించిన కాగితం ముక్కల మీద 'పై', 'కింద' అని ఉంది. 'పై' తీగ పైన ఉన్న ద్రవంలోనే మునిగి ఉంది.

కానీ కొత్త నూనె నీళ్లకన్నా తేలిక. అది పైకి తేలింది, నీళ్లు అడుగుకు చేరాయి. నీళ్లలో ఉండాల్సిన తీగ నూనెలో, నూనెలో ఉండాల్సింది నీళ్లలో, అంతా తారుమారు. గీత తలకిందులు కావడానికి కారణం అంతే.

చిన్నదానిలో ముందుగా లేచింది జాలి కాదు. పట్టేశాను అన్న సంతోషం, కొంచెమే కానీ పదునైనది. ఎంతో ఇష్టమైన మనిషి తప్పు దొరికితే తన లోపల ఇంత చురుగ్గా ఏదో తల ఎత్తడం చూసి ఆమెకే సిగ్గేసింది. ఇప్పుడు నోరు తెరిస్తే మాట్లాడేది తను కాదు, అది. చెప్పకుండా ఊరుకుంటే? పెద్దాయన ఎదుట బయటపడుతుంది. ఆ మౌనానికి ప్రేమ అని పేరు పెట్టుకోవచ్చు కానీ, నిజానికి అది చెడ్డదాన్ని కాకూడదన్న పిరికితనం. శుభ్రంగా ఉన్న బీకరునే మళ్లీ కడిగింది. లోపలిది మెల్లగా అణిగేదాకా కడుగుతూనే ఉంది.

"వదినా, ఒక మాట. కోప్పడవుగా?"

"ఇవాళ నాకు కోపమెక్కడిదే!"

"మన పైవాడు... కిందికి దిగాడు."

వదిన పాత్రను చూసింది. తీగను చూసింది. తర్వాత కాగితం ముక్కను గోటితో తట్టింది.

"ఈ 'పై' ఎవరు రాశారు? ఐత్వం తోకని ఇంత పొడుగు లాగేది మనింట్లో ఒక్కరే."

చిన్నదాని చెవులు వేడెక్కాయి. ఆ చీటీ అంటించింది తనే, ల్యాబ్‌లో చేరిన కొత్తలో. "నేనే," అంది.

వదిన ఫక్కున నవ్వింది. నవ్వు సగంలో ఎక్కడో తడబడింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "బాగుండేదే, అది నిజంగా అలా అందరినీ వెంటేసుకుని పోయుంటే," అంది. తీగలు తనే మార్చింది.

గీత మెల్లగా సాగి, లేవాల్సిన చోటే లేచింది.

"చూడు, ఎంత మామూలుగా ఉందో."

"మామూలే వదినా. కానీ ఎంత శుభ్రంగా ఉందో చూశావా? పాత నూనెలో ఒక్కసారైనా ఇలా వచ్చిందా?"

వదిన కళ్లద్దాలు సర్దుకుని తెర దగ్గరికి జరిగింది. మళ్లీ నడిపింది. మళ్లీ అదే గీత, అదే చోట.

పెద్దాయన తలుపు తోసుకుని వచ్చాడు. "ఏదో వింత అన్నావటమ్మా?"

"వింతేం లేదు సార్. తీగలు తారుమారు చేశాను."

"చేశాం," అంది చిన్నది.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. స్టూలు లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. "సరే, మరి ఇదేమిటి?" అన్నాడు. గొంతు తగ్గించలేదు.