అద్దె మేనమామ

"చెల్లెలి పేరేమన్నారు?" కళ్లజోడు తుడుచుకుంటూ అడిగాడు సదాశివరావు.

పెద్దిరాజు కుర్చీ అంచున కూర్చున్నాడు. ముఖర్జీ నగర్ మెస్‌లో మధ్యాహ్నం వంట ఇంకొకరికి అప్పజెప్పి, ఆ పూట జీతం వదులుకుని, మెట్రోలో నిలబడి సాకేత్‌లోని ఈ విదేశీ చదువుల కన్సల్టెన్సీ దాకా వచ్చాడు. చొక్కాకు పోపు వాసన ఇంకా వదల్లేదు.

"మాణిక్యం," అంది పక్కన కూర్చున్న కూతురు హాసిని. "మా మమ్మీ."

"మాణిక్యం. నా ఒక్కగానొక్క చెల్లెలు." సదాశివరావు పాఠం అప్పజెప్పినట్టు మళ్లీ అన్నాడు. "పోయి ఎన్నాళ్లయింది?"

"నాలుగేళ్లు."

హాసినికి పోలెండ్‌లో ఎమ్మెస్సీ సీటొచ్చింది. చదువంతా ఇంగ్లీషులోనే. ఊళ్లో ఉన్న రెండు సెంట్ల జాగా అమ్మి పెద్దిరాజు ఫీజు మొదటి కంతు మూడు లక్షలు కట్టేశాడు. అది తిరిగి రాదు. ఇక వీసా కావాలి. నెలకు ఇరవై రెండు వేలు తెచ్చుకునే వంటవాడి ఖాతా చూసి వీసా ఎవడిస్తాడు? అందుకే కన్సల్టెన్సీ ఒక మేనమామను చూపించింది. ఆయన ఖాతాలో డబ్బుంటుంది. ఆ డబ్బూ ఆయనది కాదు, కన్సల్టెన్సీదే. మేనమామ కిరాయి అరవై వేలు. సదాశివరావు ఇప్పటికే చాలామంది పిల్లలకు మేనమామ.

"మనోళ్లు కాబట్టి తగ్గించాను బాబాయ్," అన్నాడు కన్సల్టెన్సీ నడిపే విష్ణువర్ధన్. విజయవాడ వాడు. తెలుగు మాట వినబడగానే బాబాయ్ అని వరస కలిపేస్తాడు. ఆ పిలుపుకే పెద్దిరాజు జాగా అమ్మాడు. "ఈయన మీ భార్యకి సొంత అన్న అని ఇక్కడో సంతకం పెట్టండి, చాలు."

"పట్టుబడితేనండి?"

"ఎవరూ పట్టుబడరు. అయినా సంతకం మీది కదా బాబాయ్, మా పేరెక్కడా రాదు." ఆ మాటకు తనే తడబడి, గబగబా ఒక ఫొటో బల్ల మీద పెట్టాడు. "వరస నమ్మాలంటే ఇదుండాలి. చూడండి ఎంత బాగా కుదిరిందో."

ఫొటోలో మాణిక్యం నవ్వుతూ సదాశివరావుకు రాఖీ కడుతోంది.

పెద్దిరాజు ఫొటో దగ్గరగా తీసుకుని చూశాడు. మొహం ఆమెదే. చెయ్యి ఆమెది కాదు. గోళ్లకు ఎర్ర రంగు, నున్నటి మణికట్టు. మెస్‌లో పదేళ్లు గారెలు వేసిన చెయ్యి మాణిక్యానిది. కాగే నూనె చింది మణికట్టు మీద చర్మం ముడతలు పడిపోయింది.

"మా వైపు రాఖీలు కట్టరండి," అన్నాడు మెల్లగా. "మాణిక్యం బొమ్మ మీకెవరిచ్చారు?"

"నేనే పంపాను డాడీ," అంది హాసిని తల వంచుకుని. "వాట్సాప్‌లో."

మాణిక్యానికి అన్నలు లేరు. జబ్బు పడ్డప్పుడు స్కానింగుకు ఎనిమిది వేలు పుట్టక సర్కారు ఆస్పత్రి వరండాలో పడి ఉంది. ఆమె అన్నయ్యా అని పిలిచిన ప్రతివాడికీ పెద్దిరాజు ఫోన్ చేశాడు. ఒక్కడూ ఎత్తలేదు.

"ఆ రోజు ఎక్కడున్నారండి తమరు?" అన్నాడు సదాశివరావుతో.

"ఏ రోజు?"

"మీ చెల్లెలు ఆస్పత్రి వరండాలో పడున్న రోజు."

సదాశివరావు కంగారుగా విష్ణువర్ధన్ వైపు తిరిగాడు. "ఇది కూడా అడుగుతారా వీసా వాళ్లు? నాకు చెప్పలేదే."

పెద్దిరాజు ఫొటోను బోర్లించి పెట్టాడు. "నేను సంతకం పెట్టనండి."

"బాబాయ్, పిల్ల జీవితం. మూడు లక్షలు గంగలో కలుస్తాయి."

"బాబాయ్ అనకు. నువ్వెవరివి, నేనెవర్ని?"

"సబ్ కర్తే హైఁ డాడీ," అంది హాసిని. "అందరూ చేస్తారు. నేను కూడా మెస్‌లోనే ఉండిపోవాలా?"

పెద్దిరాజు కూతురి వైపు తిరిగాడు. "చదవొద్దనట్లేదమ్మా," అన్నాడు. "మీ అమ్మకి అన్న లేడు."

హాసిని బల్ల మీది పెన్ను తీసి, మూత విప్పి, తండ్రి ముందుకు చాచింది. పెద్దిరాజు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. బోర్లా పడి ఉన్న ఫొటో వైపు మాత్రం చూడటం లేదు.