రెండో పయాన్

పెట్టె తెరిచే రోజని బావగారు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు.

పెట్టె అంటే నిజం పెట్టె కాదు. ప్రోటాన్లను ఢీకొట్టగా వచ్చిన లెక్కల్లో, కొత్త కణం కనబడొచ్చనుకున్న భాగాన్ని కంప్యూటర్లో కప్పేసి ఉంచుతారు. వడపోత ఎలా చెయ్యాలో ముందే తేల్చుకోవాలి. అందరూ సరేనన్నాకే ముసుగు తీయాలి. తీశాక ఒక్క అక్షరం మార్చినా ఒప్పుకోరు.

బావగారు ఆ బృందానికి పెద్ద. వెనక వరసలో కూర్చున్న మరదలిని అక్కడ అందరూ ‘అద్దం’ అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడూ ఆయనే. కొన్నేళ్ళ క్రితం ఇదే హాల్లో ఆమె ఒక గ్రాఫు చూపించింది. మామూలు మీసాన్ అనే కణంలో ఇంకా చిన్నవైన ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు ఉంటాయి. తన గ్రాఫులో లేచిన మూపురం నాలుగింటితో కట్టిన వింత మీసాన్‌దేమోనని చెప్పింది. బావ పగలబడి నవ్వాడు.

“మరదలా, అది కణం కాదమ్మా, ప్రతిబింబం! ఏ బరువైన కేయాన్‌నో తేలికైన పయాన్ అనుకుని లెక్కేసి ఉంటావు. అద్దంలో చూసుకుని ఇంటికి చుట్టాలొచ్చారంటే ఎలా?”

హాలంతా గొల్లుమంది. మర్నాడే ఆమెను పరిశోధన మాన్పించి, కణాలను పసిగట్టే డిటెక్టరును చల్లబరిచే గొట్టాల కాపలాకి వేశాడు. “మనవాళ్ళని వెనకేసుకొస్తున్నానంటారు కదా” అని భార్యకి, అంటే ఆమె అక్కకి, సర్దిచెప్పాడు. అబ్బో, ఎంత నీతి!

ఆ గొట్టాల దగ్గర కూర్చుని ఆమె తన ప్రోగ్రామును మళ్ళీ వెతికింది. కడుపు మండిపోయే సంగతేమిటంటే, బావ గుడ్డిగా విసిరిన రాయే తగిలింది. లెక్కలో రెండు పయాన్లున్నాయి. అది పయానేనా, వేషం మార్చిన కేయానా అని రెండింటినీ పరీక్షించాలి. వాటికి ఆమె ముద్దుగా పెద్దోడు, చిన్నోడు అని పేర్లు పెట్టుకుంది. తీరా చూస్తే పెద్దోడినే రెండుసార్లు పరీక్షించి, చిన్నోడిని వదిలేసింది. ఏడ్చింది, దిగమింగుకుంది. ఎవరికీ చెప్పలేదు. అయినా అడిగినవాడెవడు?

ఇప్పుడు బావగారి బృందం అదే వింత మీసాన్‌కి వేట మొదలెట్టింది. పోయిన నెల అందరికీ పంపిన ప్రోగ్రాము తెరిచి చూసేసరికి ఆమె ఒళ్ళు భగ్గుమంది. వరుసకి వరుస తనదే! పెద్దోడు, చిన్నోడు అన్న పేర్లు చెరిపేశాడు. తప్పు మాత్రం అలాగే ఉంచాడు. అది తప్పని తెలిస్తేగా! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మరదలు పట్టింది.

“ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?” సభ నడిపే పెద్దావిడ అడిగింది.

ముందు వరసలో అక్క ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. ముఖం వెలిగిపోతోంది. అది చూసి మరదలి మనసు మెత్తబడింది. చెయ్యి సగం లేపింది.

“అద్దానికేం అభ్యంతరాలుంటాయండీ! మనం పళ్ళికిలిస్తే తనూ ఇకిలిస్తుంది, అంతే” అన్నాడు బావ. మళ్ళీ నవ్వులు.

ఆమె చెయ్యి దించేసింది. చావు, అనుకుంది.

ముసుగు తీశారు. తెర మీద మూపురం నిగనిగలాడింది. హాలంతా చప్పట్లు. బావగారు రెండు చేతులూ ఎత్తి, “ఈ వడపోతలో ప్రతి అక్షరం నేనే స్వయంగా రాశాను” అన్నాడు.

అప్పుడు మరదలు లేచింది.

“బావగారూ, చిన్న సందేహం. రెండో పయాన్‌ని కేయాన్ అనుకుని లెక్కేసి చూశారా?”

“చూడకుండా ఉంటామా?”

“మొదటిదాన్నే రెండుసార్లు చూసినట్టుంది.”

పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని ప్రోగ్రాములో ఆ వరుస తెరిపించింది. రెండోదాన్ని కేయాన్‌గా పెట్టి అక్కడే లెక్క మళ్ళీ వేయించింది. మూపురంలోని గుంపంతా జరిగి జరిగి, ఎప్పటినుంచో అందరికీ తెలిసిన మామూలు డి మీసాన్ దగ్గర సూదిలా నిలబడింది. దాన్ని తీసేస్తే వింత కణం చోట చదును నేలే మిగిలింది.

“ఈ వరుస రాసిందెవరు?” పెద్దావిడ గొంతు గట్టిపడింది.

బావ తలెత్తి వెనక వరస కేసి చూశాడు. మరదలిదంటే దొంగ, తనదంటే తెలివితక్కువవాడు. దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా నిలబడ్డాడు. ఆమె ఆ చూపుకి ఎదురు నిలబడి, తీరిగ్గా ఎదురుచూసింది. ఇన్నేళ్ళ మంట ఆ క్షణాన చల్లారింది.

“నేనే” అన్నాడు.

“వెనకవాళ్ళకి వినబడలేదు బావగారూ.”

“నేనే రాశాను!”

వసారాలో అక్క ఆమె జబ్బ పట్టుకుని ఆపింది. “నీకు ముందే తెలుసు కదూ?”

“తెలుసు.”

“ఎలా తెలిసిందే?”

“ఆ తప్పు నాదక్కా. అప్పుడు నన్ను చూసి అందరూ నవ్వారే, ఆ ప్రోగ్రామే అది.”

అక్క ముఖంలో రంగు మారింది.

“వీడియోలో ఆయన ‘నేనే’ అన్నది పడిందా?” అడిగింది చెల్లెలు.

“పడింది.”

“రెండుసార్లూనా?”

అక్క ఫోను తీసి, ఆ వీడియోని చెల్లెలికి పంపించింది.